సినిమాలో లేని అక్క ముఖం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా అక్క మనవరాలు నాంపల్లిలో మా ఫ్లాటుకు వచ్చి, చిన్నమ్మమ్మా, మంచి చీర కట్టుకో, నిన్ను సినిమా తీస్తాను అంది. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతున్న పిల్ల, చేతిలో సెల్‌ఫోను తప్ప మరో సామాను లేదు. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఆ పుస్తకాల మధ్య ఒక పెద్దావిడ ఒంగి ఒంగి దేనికోసమో వెతుకుతూ పోతుందట, దొరికిందో లేదో చివరిదాకా చెప్పరట, అదీ ఆ పిల్ల కథ. సరే, మోకాళ్ళ నొప్పులతోనే రెండు గంటల సేపు వెతికాను. ఎండ ముదిరాక నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చేలోపల ఆ పిల్ల తీసిన ముక్కలన్నీ ఫోను మీద పరిచి, ఇది వద్దు అది కావాలి అని బొటనవేలితో అటూ ఇటూ జరిపి, ఒకచోట నా దగ్గు తీసేసి, ఇంకోచోట నా ముఖం నల్లగా పడితే వెలుగు పెంచి, ఎక్కడినుంచో వేణువు తెచ్చి కలిపి, నేను బిస్కెట్టు ముంచుకొని తినడం పూర్తి చేసేసరికి సినిమా నా చేతిలో పెట్టింది.

సాయంత్రానికల్లా మా బంధువులందరూ చూసి నన్ను తెగ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ పిల్ల బొటనవేలినే తలుచుకుంటూ ఉండిపోయాను. కథ తనదే, కెమెరా తనదే, కత్తిరింపు తనదే, ఒకరిని అడగక్కర్లేదు, ఒకరికోసం ఎదురుచూడక్కర్లేదు. నాకు అసూయ కలిగింది. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి పంతొమ్మిదేళ్ళ పిల్లను చూసి అసూయపడటమేమిటని మీరు అనుకుంటే అనుకోండి, నేను దాచను. ఒకసారి దాచాను. ఆ దాచిన సంగతి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో హాల్లో అసలు సినిమా మొదలయ్యే ముందు ఒక చిన్న సినిమా వేసేవారు. మశూచి టీకాలనీ, పొదుపు అనీ, ఎలుకల నిర్మూలన అనీ ఏదో ఒకటి. జనం సరిగ్గా ఆ సమయంలోనే సోడా తాగడానికి బయటికి పోయేవారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు సరిగ్గా ఆ సమయంలోనే చీకట్లో కాళ్ళు తొక్కుకుంటూ సీట్లు వెతుక్కునేవారు. అలాంటి సినిమాలు తీసే చిన్న కంపెనీ ఒకటి ఆబిడ్స్‌లో బట్టల దుకాణం మీది మేడలో ఉండేది. టైపు లోయరు పాసై, ఇరవై రెండేళ్ళ వయసులో నేను అందులో టైపిస్టుగా చేరాను.

మా నాన్న మెదక్ వైపు నుంచి వచ్చి గన్‌ఫౌండ్రీలో ఒక ప్రెస్సులో అచ్చుకు అక్షరాలు కూర్చే పని చేసేవారు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. అక్క నాకంటె మూడేళ్ళు పెద్ద, చిన్నపిల్లల బడిలో టీచరు. అక్కను అందగత్తె అని ఎవరూ అనలేదు. రంగు నాదే, ఎత్తు నాకంటె తక్కువే. కాని చిల్లర లేకపోతే నన్ను నలుగురిలో కసురుకునే బస్సు కండక్టరు, అక్క దగ్గర లేకపోతే మాత్రం తన సంచీలో వెతికి ఇచ్చేవాడు. అదేమిటో చెప్పమంటే చెప్పలేను. చర్చిలో క్రిస్మస్ నాటకంలో ఏటా మరియమ్మ అక్కే. మాటలు నేను రాసేదాన్ని, తెర వెనక నిలబడి మరిచిపోయినప్పుడు అందించేదాన్ని కూడా నేనే. నాటకం అయ్యాక పాస్టరమ్మగారు నా దగ్గరకు వచ్చి, మీ అక్క ఎంత చక్కగా మాట్లాడిందమ్మా అని నాతోనే అనేవారు. నేను నవ్వి, అవునండీ అనేదాన్ని. అలా నవ్వడం నాకు చిన్నప్పుడే బాగా వచ్చేసింది.

మా డైరెక్టరుగారు గుంటూరు వైపు మనిషి. వాళ్ళ నాన్నగారి ఉద్యోగంతో పాటు చిన్నతనంలోనే హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మంచివారు, ఎప్పటికైనా ఒక పెద్ద సినిమా తియ్యాలని కలలు కనేవారు. నేను చేరిన రెండో సంవత్సరంలో క్షయ వ్యాధి మీద సినిమా తీసే పని కంపెనీకి వచ్చింది. ఊరికే బొమ్మలు చూపించి ఉపన్యాసం ఇవ్వడం కాకుండా దీన్ని కథగా తీద్దామని ఆయన పట్టుబట్టారు. నాంపల్లి గల్లీలో ఒక ఇల్లాలు, దగ్గు, భర్తకు చెప్పడానికి భయం, చివరికి తెలిసిపోతుంది, ఆమె కంచం గ్లాసు వేరు చేస్తారు, కన్నకొడుకును దగ్గరకు రానివ్వరు, ఆమె దవాఖానలో చేరి నయమై తిరిగి వస్తుంది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని.

ఆ ఇల్లాలి చేత ఆయన, ఏమండీ, ఒంట్లో నలతగా ఉందండీ అనిపించారు. నాంపల్లి గల్లీలో ఏ ఇల్లాలూ అలా అనదు. నేను టైపు కొట్టేటప్పుడు, పానం మంచిగ లేదు అని మార్చేశాను. ఒకచోట మార్చినదాన్ని ఊరుకోక పది చోట్ల మార్చాను. కాగితాలు చదివి ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూస్తే ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని, ఇకమీదట మాటలు నువ్వే చూసుకో అమ్మాయ్ అన్నారు. ఆ రోజు ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నేను నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో నాకు తెలియదు. ఆ తర్వాత నేను రాసిన మాటలన్నిటిలోకీ నాకు ప్రాణమైనది చివర దవాఖానలో వస్తుంది. జబ్బు నయమైంది, ఇక ఇంటికి పోవచ్చు అని డాక్టరమ్మ చెప్పగానే ఆ ఇల్లాలు అడుగుతుంది: మా పిల్లగానికి నా చేతితోని బువ్వ తినిపియ్యొచ్చా అమ్మా? దాన్ని టైపు చేసి నేనే కంటతడి పెట్టుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వేషం నాకే ఇస్తారని నేను అనుకున్నాను. సినిమావాళ్ళ ముఖం వద్దు, నాంపల్లిలో పంపు దగ్గర బిందెతో కనబడే ముఖం కావాలని డైరెక్టరుగారు పదిసార్లు అన్నారు. నేను రోజూ పంపు దగ్గర బిందెతో నిలబడేదాన్నే కదా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపేసుకొని అద్దం ముందు ఆ వేషమంతా చేసి చూసుకునేదాన్ని. మాటలన్నీ నోటికి వచ్చేశాయి. ఆయన ఒక్కసారి తలెత్తి నన్ను సరిగ్గా చూస్తే చాలనుకొని, గంజి పెట్టిన చీరలు కట్టుకొని పోయేదాన్ని.

ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుంటే, బడి నుంచి వస్తూ అక్క నాకోసం గొడుగు తీసుకొని మేడెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి తడిసిన జడ కొస పిండుకుంటోంది. డైరెక్టరుగారు ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయారు. అంతే, ఇంకేమీ జరగలేదు. కాని ఆయన వాక్యం మధ్యలో ఆగిన ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది.

ఆ వేషం వెయ్యమని ఆయన అడిగితే అక్క వద్దంది. నాకు గియన్నీ రావండీ, మా చెల్లెలు మంచిగ జేస్తది అని కూడా అంది. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగా అనడంతో నాకు మరీ మండింది. డైరెక్టరుగారు నవ్వి, చెల్లెలు మాటల మనిషి అన్నారు. ఇక నాన్నను ఒప్పించే పని కూడా నామీదే పడింది. సినిమా హాలు గడప తొక్కని మనిషి ఆయన. ఇది ఆటపాటల సినిమా కాదు, రోగుల కోసం, నేను పక్కనే ఉంటాను అని మూడు రోజులు బతిమాలాను. ఆయన మోకరించి ప్రార్థన చేసుకొని సరేనన్నారు. ఎందుకు బతిమాలానంటే, కాదంటే నాది అసూయ అని బయటపడుతుందేమోనని భయం.

పన్నెండు రోజులు షూటింగు జరిగింది. మా గల్లీలోనే ఒక ఇల్లు, పబ్లిక్ గార్డెన్‌లో ఒక పూట, స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఒక పూట, చాదర్‌ఘాట్ వైపు ఖాళీగా ఉన్న పాత భవనంలో నాలుగు మంచాలు వేసి దవాఖాన. చిన్న కంపెనీ కనుక ఒక్కొక్కరం నాలుగు పనులు చేసేవాళ్ళం. నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చారు. ఒక షాటుకూ ఇంకో షాటుకూ తేడా రాకుండా అక్క ఏ చేతికి ఎన్ని గాజులు వేసుకుంది, కొంగు ఏ భుజాన ఉంది, జడ ముందుకుందా వెనక ఉందా, బిందె ఏ చేత్తో దించింది, అన్నీ రాసుకోవాలి. అంటే పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అక్కను కన్నార్పకుండా చూడటమే నా ఉద్యోగం. అసూయపడే మనిషికి అంతకంటె తగిన ఉద్యోగం ఈ లోకంలో లేదు. ఆమె చెమట తుడుచుకునే తీరు, లైట్లు మోసేవాళ్ళతో కలిసి అన్నం తినే తీరు, వెండి కాగితం అంటించిన అట్టల నుంచి ఎండ కళ్ళల్లో కొడుతున్నా రెప్ప వాల్చకుండా నిలబడే తీరు, అన్నీ చూశాను. తప్పు దొరుకుతుందేమోనని చూశాను.

చివరి రోజున దవాఖాన దృశ్యం. మొదటిసారి తీసినప్పుడు అక్క నా మాటను పలికింది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు బిగుసుకొని పలికింది. డైరెక్టరుగారు ఇంకోసారి అన్నారు. ఈసారి డాక్టరమ్మ, ఇంటికి పోవచ్చమ్మా అనగానే అక్క ఏమీ మాట్లాడలేదు. మరిచిపోయిందనుకొని అందించబోయాను. అప్పుడు ఆమె మెల్లగా తన కుడి అరచేయి తిప్పి చూసుకుంది. దానిమీద ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టు చూసింది. తర్వాత ఐదు వేళ్ళూ దగ్గరకు చేర్చింది, ముద్ద కలిపేటప్పుడు చేరుస్తామే, అలా. తలెత్తింది. ఆ ముఖం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న ముఖం కాదు. కెమెరామన్ ఆపడం మరిచిపోయి ఇంకా తీస్తూనే ఉన్నారు. లైట్లు పట్టుకున్న ఒకాయన అటు తిరిగి కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

డైరెక్టరుగారు నావైపు తిరిగి, "ఇది ఓకే. ఆ మాట ఇక అక్కర్లేదు లేమ్మా, పిల్ల చేత్తోనే చెప్పేసింది" అన్నారు.

ఆ మాట ఇక అక్కర్లేదు. సినిమా మొత్తంలో నాకు ప్రాణమైన ఆ ఒక్క మాటే అక్కర్లేదు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు తెలియదు. తీసిన ఫిల్ము కడగడానికి మద్రాసు పంపాలి, మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. డబ్బాలతో పాటు ఒక కాగితం పోతుంది. ఏ షాటు ఎన్నిసార్లు తీశాం, వాటిలో ఏది ఓకే, ఏది పనికిరాదు అని ఆ కాగితంలో ఉంటుంది. పనికిరానిదానికి ఎన్.జి. అని రాస్తారు. ఫిల్ము ఖరీదు కనుక లేబరేటరీవాళ్ళు ఓకే అన్నవాటినే ప్రింటు వేసి పంపుతారు, ఎన్.జి. అన్నవి అక్కడే చుట్టి పెట్టేస్తారు. ఆ కాగితం టైపు చేసేది నేను.

ఆ సాయంత్రం ఆఫీసుకు వచ్చి కూర్చొని, మొదటిదానికి ఎదురుగా ఓకే అనీ, రెండోదానికి ఎదురుగా ఎన్.జి. అనీ కొట్టాను. తప్పు చేస్తున్నానని తెలుసు, తెలిసే కొట్టాను. కెమెరామన్ మర్నాడు వేరే సినిమాకు బొంబాయి పోతున్నారని కూడా తెలుసు. మా ఇల్లు స్టేషన్ వెనకే కనుక డబ్బాలు మద్రాసు రైలుకు అందించే పని నాదే. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఇంటికి పోతే అక్క నాకోసం అన్నం మూతపెట్టి ఉంచింది.

పది రోజులకు ప్రింటు వచ్చింది. అందరం చీకటి గదిలో కూర్చొని చూశాం. చివరి షాటు రాగానే డైరెక్టరుగారు, రెండోది ఏది అని అడిగారు. ఫోకస్ పోయిందని కెమెరామన్‌గారు చెప్పారండీ అన్నాను. నేను అప్పటిదాకా ఒక్క పొరపాటు కూడా చేసినదాన్ని కాను, అందువల్ల ఆయన ఇంకేమీ అడగలేదు. మళ్ళీ తీద్దామంటే కెమెరామన్ బొంబాయిలో ఉన్నారు. సినిమా అప్పజెప్పే గడువు దగ్గరపడింది.

మా ఎడిటరుగారు మద్రాసు స్టూడియోల్లో జీవితమంతా గడిపి వచ్చిన వృద్ధులు. చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకొని, ఫిల్మును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. ఆయన ఆ షాటును యంత్రం మీద ముందుకూ వెనక్కూ తిప్పి, తక్కినదంతా ఇంత బాగా చేసిన పిల్ల ఇక్కడెందుకిలా చెక్కబొమ్మ అయిపోయిందో అని బాధపడ్డారు. అక్క ముఖం తీసేసి, డాక్టరమ్మ ముఖమూ కిటికీలోంచి ఎండా చూపించి, వాటిమీద అక్క గొంతు వినిపించేలా కూర్చారు. అంటే చివరికి సినిమాలో నా మాట ఉంది, అక్క ముఖం లేదు.

ఆ ముఖం ఇంకా తీసెయ్యకముందే డబ్బింగుకు అక్క వచ్చింది. మీకు తెలుసుగా, అప్పుడు పెదవులు కదిలిన తీరుకు తగినట్టు మళ్ళీ మైకు ముందు నిలబడి మాట చెప్పాలి. ఆ షాటును తెరమీద మళ్ళీ మళ్ళీ వేశారు. అక్క తన బిగుసుకుపోయిన ముఖాన్ని ఇరవైసార్లు చూసింది. మధ్యలో మంచినీళ్ళకని బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"గా రెండోది ఏమాయె?"

ఫోకస్ పోయిందట అన్నాను.

"నాతోనే ఖరాబయిందా?"

కాదు అనవచ్చు. నీ తప్పేమీ లేదక్కా అనవచ్చు. నేను, "ఏమో" అన్నాను. అక్క తలూపి, గ్లాసు బోర్లించి, లోపలికి పోయి మళ్ళీ మైకు ముందు నిలబడింది.

గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న హాల్లో సినిమా వేసి అధికారులకు చూపించారు. మా ఇంటిల్లిపాదీ పోయాం. నాన్న జీవితంలో చూసిన సినిమా అదొక్కటే. చివరి దృశ్యంలో నా మాట రాగానే హాల్లో ఎవరో నిట్టూర్చారు. ఒక పెద్ద అధికారి లేచి, ఆ మాట ఎవరు రాశారని అడిగితే డైరెక్టరుగారు నన్ను చూపించారు. ఇంటికి నడిచి వస్తుంటే నాన్న నా తల మీద చేయి వేసి, నీ మాట మంచిగున్నది బిడ్డా అన్నారు. ఇరవై మూడేళ్ళుగా ఎదురుచూసిన చేయి అది. పక్కన నడుస్తున్న అక్క, "ఔ నాయినా, గా మాటతోనే సినిమా నిలవడ్డది" అంది. ఆమె గొంతులో ఏ వంకరా లేదు. ఉంటుందేమోనని నేను చాలా శ్రద్ధగా విన్నాను.

డైరెక్టరుగారు షూటింగు అయిన రోజునే నాన్నతో ఒక మాట అని ఉన్నారు. తెరమీద కూడా ఈ పిల్ల నేను చూసినట్టే కనబడితే నా పెద్ద సినిమాలో ఈమెనే పెట్టుకుంటాను అని. అక్క ఆ మాట నమ్మి బడిలో మూడు నెలలు సెలవు కావాలని అర్జీ పెట్టింది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. సినిమా చూసిన వారానికి డైరెక్టరుగారు ఇంకెవరినో చూసుకుంటున్నానని కబురు చేశారు. అక్క మర్నాడు పోయి అర్జీ వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడు మెదక్‌లో ఒక మాస్టరుగారిని పెళ్ళి చేసుకొని వెళ్ళిపోయింది. ఆ పెద్ద సినిమా సగంలో ఆగిపోయిందనీ, అక్క అందులో వేసినా ఒరిగేదేమీ లేదనీ నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది నా మనసుకు ఎక్కలేదు.

అక్క పెళ్ళయ్యాక ఇంట్లో ఆమె మంచం ఖాళీగా కనబడుతుంటే ఉండబట్టలేక, కంపెనీ కాగితం మీద లేబరేటరీకి ఉత్తరం రాసి ఆ రెండోదాన్ని ప్రింటు వేయించి తెప్పించాను. మధ్యాహ్నం ఎడిటరుగారు భోజనానికి పోయినప్పుడు యంత్రం మీద ఎక్కించి చూశాను. ఫోకస్ ఎక్కడా పోలేదు. నేను జ్ఞాపకం ఉంచుకున్నదానికంటె కూడా బాగుంది. పశ్చాత్తాపంతో కుమిలిపోతానని అనుకొని కదా తెప్పించాను. తీరా చూస్తుంటే నా గుండెల్లో లేచింది మళ్ళీ ఆ పాత మంటే. ఇంత బాగా ఎలా చేసింది, ఎవరు నేర్పారు, నాకెందుకు రాలేదు అని. అప్పుడు నాకు నేనంటే నిజంగా భయం వేసింది.

తిరిగి చూస్తే ఎడిటరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపయిందో తెలియదు. ఆయన వచ్చి తొడుగులు వేసుకొని ఆ షాటును ఇంకొకసారి తిప్పి చూశారు. బీరువాలోంచి పాత కాగితాల కట్ట తీసి, నేను టైపు చేసిన నకలు వెతికి, దానిమీద వేలు పెట్టి ఉంచారు. కేకలు వేస్తారని చూశాను. ఆయన మెల్లగా, "నాకు చెప్పక్కర్లేదమ్మా. ఆవిడకు చెప్పు" అన్నారు. అంతకుమించి ఆ విషయం ఆయన ఎవరితోనూ అనలేదు, నాతోనూ మళ్ళీ అనలేదు.

చెబుదామనే మెదక్ బస్సెక్కాను. అక్కకు ఏడో నెల. నన్ను చూసి ఎంత సంతోషపడిందంటే నేను చెప్పలేక తిరిగి వచ్చేశాను. పురుడు పోసుకున్నాక అనుకున్నాను, బిడ్డ నడిచాక అనుకున్నాను, తర్వాత అనుకోవడం కూడా మానేశాను. కొన్నేళ్ళకు కంపెనీ మూతపడింది, డబ్బాలన్నీ ఎవరికో అమ్మేశారట. నేను గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో టైపిస్టుగా చేరి, పెళ్ళి చేసుకొని, అక్కడే రిటైరయ్యాను. మళ్ళీ ఒక్క మాట కూడా రాయలేదు. అది నాకు నేను వేసుకున్న శిక్ష అని చెప్పుకోవచ్చు గాని, నిజానికి రాయడానికి నాకు ఏమీ తోచలేదు.

ఇన్నేళ్ళ తర్వాత, మనవరాలు నన్ను సినిమా తీసిన ఆ ఆదివారం సాయంత్రమే ఆటో చేసుకొని చాదర్‌ఘాట్ పోయాను. అక్క అక్కడే కూతురి దగ్గర ఉంటోంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. మనవరాలు తీసిన సినిమా చూశావా అని అడిగి, నేను కూడా చిక్కుళ్ళు ఒడిలో వేసుకొని, మొదటినుంచీ చివరిదాకా చెప్పేశాను. కాగితం సంగతి, రైలు సంగతి, ఏమో అన్న సంగతి. అక్క చేతులు ఆగలేదు. నేను చెప్పడం అయ్యాక, చేతిలో ఉన్న కాయ ఈనె లాగి పళ్ళెంలో వేసి అడిగింది.

"గంత మంచిగ వచ్చిందా?"

వచ్చిందక్కా అన్నాను. ఎట్లా వచ్చిందో చెప్పమంది. అరచేయి తిప్పి చూసుకోవడం, వేళ్ళు దగ్గరకు చేర్చడం, తలెత్తి చూడటం, లైటు పట్టుకున్న మనిషి ముక్కు తుడుచుకోవడం, అన్నీ చెప్పాను. ఆమె ఎవరో తెలియని మనిషి కథ విన్నట్టు విన్నది. తర్వాత చిక్కుళ్ళ పళ్ళెం కింద పెట్టింది.

"ఇన్నేండ్ల సంది నాకు చేతగాలేదనుకున్న. దేంట్లనన్న ముందటికి పొమ్మంటె గదే యాదికొచ్చేది. బడిల నన్ను హెడ్‌మాస్టర్‌గ ఉండుమన్నా గందుకే వద్దన్న."

నేను ఆమె చేయి పట్టుకోబోయాను. ఆమె మెల్లగా తీసేసుకుంది.

"ఇయ్యాల నువ్వు పో చెల్లే. నాకు జర టైము గావాలె."

పదకొండు రోజులు ఫోను లేదు. ఆదివారం చర్చిలో నాకంటె నాలుగు వరసల ముందు కూర్చుంది, వెనక్కి తిరగలేదు. పన్నెండో రోజు ఫోను చేసి స్త్రీల సమాజం మీటింగు ఎప్పుడని అడిగింది. చెప్పాను. మోకాళ్ళ నొప్పులెట్లున్నయి అంది. చెప్పాను. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆబిడ్స్ పోయినప్పుడు మా కంపెనీ ఉన్న మేడ వైపు చూశాను. కింద బట్టల దుకాణం లేదు, పైన సెల్‌ఫోన్లు బాగుచేస్తారని బోర్డు ఉంది. ఆ పిల్ల సినిమాకు మద్రాసు లేదు, రైలు లేదు, కాగితం లేదు. తీసిన క్షణంలోనే అందరికీ కనబడుతుంది, మధ్యలో నాలాంటి మనిషికి చోటే లేదు. మా సినిమా మాత్రం ఒక చేతినుంచి ఇంకో చేతికి మెల్లగా పోయేది. తీసిన రోజుకూ అప్పజెప్పిన రోజుకూ మధ్య నెలకు పైగా గడిచింది. ఆ నెలలో ఏ రోజైనా నేను డైరెక్టరుగారి గదిలోకి పోయి నిజం చెప్పి ఉంటే మద్రాసు నుంచి ఆ ముక్క వచ్చేసేది. రోజూ ఆయన గదిలోకి పోయాను, రోజూ ఏదో ఒక కాగితం ఇచ్చి వచ్చాను. ఆ పిల్లకు అంత వ్యవధి లేకపోవడం మంచిదే, కాని నాకు ఉన్నదాన్ని నేను ఏం చేసుకున్నానన్నదే ఇప్పుడు నన్ను పీడిస్తుంది.

నిన్న అక్క మనవరాలు నా ఫోనుకు ఒక ముక్క పంపింది. అమ్మమ్మ తనంతట తనే అడిగిందట, నన్ను గూడ ఒక్కసారి తియ్యవే అని. కిటికీ పక్కన కుర్చీలో పట్టుచీర కట్టుకొని కూర్చుంది అక్క. ఎటు చూడాలో తెలియక ఫోను వైపే చూస్తోంది, చేతులు ఒడిలో బిగించి పెట్టుకుంది, కాసేపు ఉండి, అయిందా అని అడిగింది. అంతే, ముక్క అయిపోయింది. నేను దాన్ని పదిసార్లు వేసుకొని చూశాను. డెబ్బై దాటిన మామూలు పెద్దావిడ. ఆనాడు చాదర్‌ఘాట్ పాత భవనంలో కనబడిన ఆ ముఖం కోసం ప్రతిసారీ వెతికాను. అది లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క ముఖం చూసి నాకు అసూయ కలగకపోవడం ఇదే మొదటిసారి. ఫోను పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.